స్నేహితులతో స్కీయింగ్ యాత్ర: ఇద్దరికి వచ్చు, ఐదుగురికి రాదు. ఎలా నడపాలి?

శిశిరయాత్రి:
అందరికీ నమస్కారం. మేం ఏడుగురు స్నేహితులం. ఎన్నాళ్లుగానో అనుకుంటున్న స్కీయింగ్ యాత్ర ఈ శీతాకాలానికి ఖాయమైంది. కొండ మీది రిసార్టులో అందరికీ పక్కపక్క గదులే దొరికాయి, వారం రోజుల సెలవు కూడా కుదిరింది. మాలో ఇద్దరికి స్కీయింగ్ బాగా వచ్చు. నాతో కలిపి నలుగురం మంచు మీద ఒక్క అడుగు కూడా వేయనివాళ్లం. ఏడో ఆమెకు మోకాలి శస్త్రచికిత్స జరిగింది. స్కీలు కట్టుకోనని ముందే చెప్పేసింది. అయినా మాతో రావాలని ఆమెకు ఉంది, ఆమె లేకుండా వెళ్లాలని మాకు లేదు.

స్కీయింగ్ వచ్చిన ఇద్దరూ "శిక్షకులు ఎందుకు, మేం నేర్పుతాం, మొదటిరోజు మధ్యాహ్నానికల్లా అందరం పైనుంచి కలిసి దిగుదాం" అంటున్నారు. వాళ్ల ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తోంది, నాకు మాత్రం లోపల గుబులుగా ఉంది. అలాగని ఎవరి దారి వారు చూసుకుంటే ఇంత కష్టపడి కలిసి వెళ్లడం దేనికి? తెలిసినవాళ్లు చెప్పండి.

వాలుగాలి:
శిశిరయాత్రి గారూ, మీ గుబులులో న్యాయం ఉంది. స్కీయింగ్ నేర్పడమే నా వృత్తి. శీతాకాలం వస్తే నా కళ్లెదుట జరిగేది ఇది: బాగా వచ్చిన స్నేహితుడు కొత్తవాళ్లను లిఫ్టు (తీగకు వేలాడుతూ కొండ పైకి చేర్చే కుర్చీ) ఎక్కించి పైకి తీసుకుపోతాడు. కింద నుంచి సాదాగా కనిపించిన వాలు పైనుంచి చూస్తే గోడలా కనిపిస్తుంది. కొత్త మనిషి బిగుసుకుపోతాడు, వెనక్కి వాలతాడు. అలా వాలగానే స్కీల ముందు భాగం మీద బరువు తగ్గిపోతుంది. బరువు పడని స్కీ తిప్పినా తిరగదు. వేగం పెరుగుతుంది, దానితో భయమూ పెరుగుతుంది. స్నేహితుడు కింద నిలబడి "మోకాళ్లు వంచు, ముందుకు వాలు" అని అరుస్తుంటాడు. చెప్పేది నిజమే, కానీ దాన్ని ఎదుటివాళ్ల ఒంటికి పట్టించే మార్గం అతని దగ్గర ఉండదు. తనకు వచ్చి ఏళ్లు గడిచాయి, తొలి తడబాటు ఇప్పుడు గుర్తుండదు.

మొదటి పూట చదునైన చోట బూట్లతో నడవాలి. తర్వాత ఒక్క స్కీ కట్టుకుని రెండో కాలితో నెట్టుకుంటూ జారాలి. ఆ తర్వాత రెండూ కట్టుకుని, దానంతటదే ఆగిపోయే చిన్న వాలు మీదికి వెళ్లాలి. వాలు చివర ఎదురుగా కాస్త ఎత్తు ఉంటే మరీ మంచిది. అప్పుడు స్నోప్లౌ మొదలుపెడతాం: ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు ఎడంగా ఉంచి, లోపలి అంచులతో మంచును నొక్కడం. అక్కడి నుంచి మలుపులు. కుడికి తిరగాలంటే ఎడమ స్కీ మీద బరువు వేయాలి. మొదట్లో ఇది ఎవరికీ నమ్మబుద్ధి కాదు, కాలికి అలవాటైతే తప్ప బుర్రకు ఎక్కదు.

ఆస్ట్రియాలోని ఆర్ల్‌బర్గ్ ప్రాంతంలో హానెస్ ష్నైడర్ 1920లలో స్కీ బడిని తీర్చిదిద్దినప్పుడు ఈ మెట్లన్నీ వరుసగా కట్టాడు, నేర్చుకునేవాళ్లను స్థాయిని బట్టి తరగతులుగా విడదీశాడు. మేం ఇప్పటికీ ఆ బాటలోనే నడుస్తున్నాం. మీ నలుగురూ ఒకే తరగతిలో చేరండి. కలిసి ఉండటం గురించి అడిగారు కదా, నలుగురు కొత్తవాళ్లు ఒకే చోట పడుతూ లేస్తూ నేర్చుకున్న పూట కన్నా దగ్గరితనం ఇంకెక్కడ దొరుకుతుంది?

నిదానం:
వాలుగాలి గారితో ఒక విషయంలో విభేదిస్తాను. నాకు నేర్పింది స్నేహితురాలే. ఆమె నన్ను లిఫ్టు దరిదాపులకు కూడా తీసుకుపోలేదు. పిల్లలు నేర్చుకునే చోట మ్యాజిక్ కార్పెట్ అనే కదిలే పట్టీ ఉంటుంది, దాని మీద నిలబడితే చిన్న వాలు పైకి చేరుస్తుంది. రోజంతా అక్కడే. తను నాకు ఎదురుగా, వెనక్కి జారుతూ దిగేది. "పాదాల వంక చూడకు, నా చేతి తొడుగులు చూడు" అనేది. తన ఎర్ర తొడుగులు ఏ పక్కకు జరిపితే ఆ పక్కకు నా చూపు వెళ్లేది, చూపు వెంట భుజాలు, భుజాల వెంట స్కీలు. పక్కన ఆకాశం నీలంగా మెరుస్తున్నా, పైన మంచి మంచు ఉందని అందరూ చెప్పుకుంటున్నా ఒక్కసారి కూడా అటు చూడలేదు. ఆ రోజును తను నాకు పూర్తిగా ఇచ్చేసింది. స్కీయింగ్ వచ్చిన మీ మిత్రులిద్దరిలో ఒక్కరైనా అలా ఇవ్వగలరా అని అడగండి. ఇవ్వగలమంటే నమ్మి వెళ్లండి.

వాలుగాలి:
నిదానం గారూ, అలాంటి స్నేహితురాలు ఉంటే నా పని సగం అయిపోయినట్టే, సంతోషంగా ఒప్పుకుంటాను. కానీ వీరి మిత్రులు "మధ్యాహ్నానికల్లా పైనుంచి" అంటున్నారు. ఆ తొందర ఉన్నంతవరకు నా సలహా మారదు. ఉదయం తరగతి, మధ్యాహ్నం ఒక గంట ఆ ఇద్దరితో అదే చిన్న వాలు మీద సాధన. వాళ్లకు నేర్పిన తృప్తీ దక్కుతుంది, మీకు ఒక్క మెట్టూ తప్పిపోదు.

బూటుబిగింపు:
స్కీలు, బూట్లు అద్దెకిచ్చే బల్ల దగ్గర పనిచేస్తాను. శిక్షకుడి కన్నా ముందు మీరు కలిసేది మా బోటివాళ్లనే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మొదటిరోజు బాధల్లో సగం బూట్లలోనే పుడతాయి. పాదం పొడవు సెంటీమీటర్లలో ఎంతో బూటు నంబరు అంత. 26 సెంటీమీటర్ల పాదానికి 26. దాదాపు కొత్తవాళ్లందరూ "ఇరుకుగా ఉంది, ఒక సైజు పెద్దది ఇవ్వండి" అంటారు. ఇవ్వను. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకు తగలాలి. మోకాళ్లు ముందుకు వంచితే మడమ వెనక్కి సర్దుకుని వేళ్లకు చోటు దొరకాలి. మడమ పైకి లేవకూడదు. వదులు బూటు తీసుకున్నవాళ్లు పాదం ఆడుతోందని కట్టులు మరీ గట్టిగా బిగిస్తారు. రక్తం సరిగా ఆడదు, వేళ్లు మొద్దుబారతాయి, చలి వల్ల అనుకుని రెండో జత మేజోళ్లు తొడుగుతారు, ఇంకా బిగుసుకుంటుంది. పలుచని మేజోళ్లు ఒక్క జత చాలు. లోపలి పైజామా అంచు కూడా బూటులోకి పోకూడదు. ఆ చిన్న మడతే సాయంత్రానికి కాలి ఎముక మీద పుండు చేస్తుంది.

ఇక బైండింగ్. బూటును స్కీకి పట్టి ఉంచేది అదే, పడినప్పుడు వదిలేయాల్సిందీ అదే. ఎంత బలానికి వదలాలో మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీయింగ్ చేసే తీరు చూసి లెక్క కడతాం. మొహమాటపడి బరువు తగ్గించి చెప్తే మలుపు మధ్యలో ఊడిపోవచ్చు. గొప్పకు పోయి బాగా వచ్చని చెప్తే ఊడాల్సిన చోట ఊడదు. దయచేసి నిజం చెప్పండి. మీ మిత్రులకు ఎంత తెలిసినా సరే, స్క్రూడ్రైవర్‌తో దాన్ని తిప్పనివ్వకండి. స్కీ ఎక్కే ముందు ప్రతిసారీ బూటు అడుగున అంటిన మంచును గీకేయండి. ఆ గడ్డ అడ్డం వస్తే మేం చేసిన లెక్కంతా వృథా.

ఎముకలవైద్యం:
బూటుబిగింపు గారి మాటకు కొనసాగింపు. విడిపోయే బైండింగులు మెరుగయ్యాక పిక్క భాగంలో ఎముకలు విరగడం బాగా తగ్గింది. మోకాలి లోపలి ముందరి లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) గాయాలు మాత్రం అలా తగ్గలేదు, ఎందుకంటే బైండింగ్ ప్రధానంగా పిక్కను కాపాడటానికి రూపొందింది. ఆ లిగమెంటు తెగే తీరు చాలాసార్లు ఒకేలా ఉంటుంది: మనిషి వెనక్కి కూర్చున్నట్టు పడతాడు, తుంటి మోకాళ్ల కన్నా కిందికి దిగుతుంది, బరువంతా వాలుకు దిగువ వైపున్న స్కీ వెనక భాగం లోపలి అంచు మీద పడుతుంది, స్కీ ఒక్కసారిగా లోపలికి తిరుగుతుంది, మోకాలు దానితో పాటు మెలిపడుతుంది. పడిపోతున్నామని తెలిసినప్పుడు లేవడానికి పెనుగులాడటం వల్లే ఎక్కువ నష్టం. పడితే పడనివ్వండి. కాళ్లు చాచి బిగించవద్దు, పూర్తిగా ఆగేదాకా లేవవద్దు.

బొటనవేలు గురించి కూడా ఒక మాట. చేతిలో స్కీ కర్రతో పడితే ఆ కర్ర బొటనవేలిని పక్కకు విరిచి మొదట్లోని లిగమెంటును తెంపుతుంది. పడేటప్పుడు కర్రలు వదిలేయడం అలవాటు చేసుకోండి. మొదటి తరగతుల్లో అసలు కర్రలే ఇవ్వకపోతే చిన్నబుచ్చుకోవద్దు.

మోకాలి శస్త్రచికిత్స అయినావిడ నిర్ణయాన్ని గౌరవించండి. "చిన్న వాలే కదా, ఒక్కసారి" అని ఎవరూ బలవంతపెట్టకూడదు. తిరిగి మొదలుపెట్టడం ఆమె, ఆమె వైద్యులు తేల్చుకోవాల్సిన సంగతి.

కిటికీపక్క:
నేను స్కీయింగ్ చేయను, చేసే స్నేహితులతో క్రమం తప్పకుండా కొండకు వెళ్తాను. ఆ ఏడో ఆమె పక్షాన మాట్లాడతాను. దయచేసి ఆమెకు సామాను కాపలా, ఫొటోలు తీసే పని అప్పగించకండి. ఆమె రోజుకు ఆమె కార్యక్రమం ఉండాలి. చాలా రిసార్టుల్లో నడిచేవాళ్లకు వేరే గోండోలా (తీగకు వేలాడుతూ పైకి వెళ్లే మూసిన గది) టికెట్టు ఉంటుంది, గుర్తులు పెట్టిన నడక బాటలుంటాయి. మోకాలికి వైద్యులు సరేనంటే వెడల్పాటి మంచు చెప్పులు కట్టుకుని అడవి దారిన నడవడం ఎంత హాయో చెప్పలేను. రాత్రి నడిచిపోయిన నక్క అడుగులు ఒకే గీతలా చెట్ల మధ్యకు పోతుంటాయి.

మధ్యాహ్నం కలుసుకునే చోటును ఆమె చేరగలిగేదిగా ఎంచుకోండి. స్కీల మీద తప్ప వెళ్లలేని విడిదిలో మీరు ఆరుగురు కూర్చుంటే ఆమె ఒంటరైపోతుంది. మ్యాపు తీసి, గోండోలా ఆగే చోటికి ఆనుకుని ఉన్న విడిది ఒకటి ఇప్పుడే ఖాయం చేయండి. మధ్యాహ్నం ఒంటిగంట అంటే ఒంటిగంట. కలిసి ఉన్నామనిపించేది ఆ ఒక్క గంట వల్లే, కాబట్టి ఆలస్యం చేసినవాళ్లను ఊరికే వదలకండి.

తెల్లకొండ:
అందరూ కొత్తవాళ్ల గురించే ఆలోచిస్తున్నారు. వచ్చిన ఆ ఇద్దరి మాటేమిటి? వాళ్లూ ఏడాదంతా ఎదురుచూసే ఉంటారు. రాత్రి మంచు కురిసి తెల్లారి ఆకాశం తేటపడితే, ఎవరూ తొక్కని మోకాలి లోతు మెత్తటి మంచులో దిగడానికి మించిన సుఖం ఈ ఆటలో లేదు. చప్పుడు ఉండదు, కాలి కింద గట్టిదనం ఉండదు, ప్రతి మలుపుకూ మంచు ఛాతీ దాకా లేస్తుంది. ఆ రెండు గంటలూ వాళ్లను వదిలేయండి. గుర్తులు పెట్టిన ట్రాకు దాటి హద్దుగా కట్టిన తాడు అవతలికి వెళ్తేనే అలాంటి మంచు మిగిలి ఉంటుంది. పది గంటలకు తిరిగొస్తారు, మిగతా రోజంతా మనసారా మీతో ఉంటారు.

శిశిరయాత్రి:
ఇన్ని వివరాలకు కృతజ్ఞతలు. తెల్లకొండ గారూ, మా ఇద్దరూ సరిగ్గా ఇదే అంటున్నారు, తాడు అవతల మంచు బాగుంటుందని. వాళ్ల ఉదయాలు వాళ్లకు ఇవ్వాలన్నది నాకు నచ్చింది. కానీ అది ఎంత ప్రమాదం? బాగా వచ్చినవాళ్లకు ఫరవాలేదా?

గస్తీమనిషి:
స్కీ గస్తీలో, అంటే ట్రాకుల భద్రత, గాయపడినవాళ్ల సాయం చూసే బృందంలో పనిచేస్తాను. బాగా వచ్చినంత మాత్రాన ఫరవాలేదని కాదు. మంచు చరియకు మన నైపుణ్యంతో పని లేదు.

మంచు కురిసిన రాత్రి తర్వాత మేం తెల్లవారకముందే బయల్దేరతాం. లిఫ్టులు తెరిచేలోపు, ట్రాకుల మీదికి జారే అవకాశమున్న వాలులను పేలుడు పదార్థాలతో కదిలించి, పడాల్సినది ముందే పడేటట్టు చూస్తాం. ఆ పని తాడు దాకానే. తాడు అవతల ఏ వాలునూ ఎవరూ మీ కోసం పరీక్షించి ఉండరు. పలకలా విరిగి జారే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద కదులుతాయి, స్కీయింగ్ బాగా వచ్చినవాళ్లకు ప్రాణమైన వాలు కూడా అదే. చరియలో చిక్కుకున్నవాళ్లలో అత్యధికులకు అది దానంతటది వచ్చి మీద పడదు. వాళ్లో వాళ్ల జట్టులోని వాళ్లో కదిలించినదే ముంచుతుంది.

ప్రమాద స్థాయిని ఒకటి నుంచి అయిదు దాకా ప్రకటిస్తారు. అయిదు అంటే ఎవరూ బయటికి వెళ్లరు. మరణాల్లో పెద్ద వంతు మూడో స్థాయి రోజుల్లో జరుగుతాయి, ఎందుకంటే మూడంటే మధ్యస్థం అనుకుని ధైర్యం చేస్తారు. నిన్న ఎవరో దిగిన జాడలు కనిపించాయి కాబట్టి భద్రమే అనుకోవడం ఇంకో ప్రమాదం. పదో మనిషి బరువుకు విరిగిన వాలులు ఉన్నాయి.

మంచు కింద కూరుకుపోయినవాళ్లు బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాల తర్వాత నిట్టనిలువుగా పడిపోతుంది. మేం ఎంత పరుగెత్తినా అంతలో చేరుకోవడం అరుదు. తవ్వి తీయాల్సింది పక్కనున్న స్నేహితుడే. అందుకే ప్రతి ఒక్కరి ఒంటి మీద 457 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని పంపి అందుకునే పరికరం, సంచిలో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార తప్పనిసరి. ఇద్దరిలో ఒక్కరి దగ్గర ఉంటే చాలదు. ముందే సాధన చేయకపోతే పరికరం ఉండీ ఉపయోగం లేదు.

తెల్లకొండ:
గస్తీమనిషి గారు చెప్పినవన్నీ లేకుండా నేనూ గడప దాటను, పొద్దున లేవగానే ముందు చూసేది ఆ స్థాయి అంకెనే. నేను చెప్పింది అలా సిద్ధపడే వాళ్ల గురించి. మీ ఇద్దరికీ ఆ మూడు పరికరాలూ సాధనా లేకపోతే, ఆ కొండ తెలిసిన గైడుతో వెళ్లాలి, లేదంటే తాడు లోపలే ఉండాలి. తాడు లోపల కూడా చదును చేయకుండా వదిలేసిన వాలులుంటాయి. లిఫ్టు తెరిచే వేళకు వరుసలో ముందుంటే అక్కడే మంచి మంచు దొరుకుతుంది. లోతైన మంచులో చెట్లకు దూరంగా దిగమనండి. కొమ్మల కింద మొదలు చుట్టూ మంచు గుల్లగా ఉంటుంది, అందులో తలకిందులుగా పడితే ఒంటరిగా బయటపడటం చాలా కష్టం. ఒకరి చూపులో ఒకరు ఉండాలి.

శిశిరయాత్రి:
అర్థమైంది. గైడు, లేదా తాడు లోపల. ఇది వాళ్లకు గట్టిగానే చెప్తాను. ఇంకో సందేహం: నీలి రంగు ట్రాకు తేలిక అని ఒకరు, మధ్యస్థం అని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం?

వాలుగాలి:
రెండూ. ఐరోపాలో నీలం తేలిక, ఎరుపు మధ్యస్థం, నలుపు కఠినం, కొన్ని దేశాల్లో నీలం కన్నా తేలికైన ఆకుపచ్చ కూడా ఉంటుంది. ఉత్తర అమెరికాలో ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలి చతురస్రం మధ్యస్థం, నల్ల వజ్రం కఠినం. అక్కడ పోలిక ఆ రిసార్టులోని మిగతా ట్రాకులతోనే, కాబట్టి ఒక కొండ మీది నీలం ఇంకో కొండ మీది నీలంలా ఉండకపోవచ్చు. మంచు స్థితి కూడా చూసుకోవాలి. రాత్రి గడ్డకట్టి పొద్దున గాజులా ఉన్న తేలిక ట్రాకు, ఎండకు మెత్తబడిన మధ్యస్థం కన్నా కష్టం. రంగు చూసి నిర్ణయించకండి, మీ శిక్షకుడిని అడగండి.

మూడోసీటు:
కొత్తవాళ్లు వాలు కన్నా ఎక్కువ భయపడేది చెయిర్‌లిఫ్టుకు. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో మొదటి చెయిర్‌లిఫ్టు వచ్చింది. రూపొందించిన ఇంజనీరు జేమ్స్ కరన్, అంతకుముందు అరటి గెలలను ఓడల్లోకి ఎక్కించే కొక్కేల వరుస మీద పనిచేసినవాడు. గెలల స్థానంలో కుర్చీలు వేలాడదీశాడన్నమాట. ఎక్కేటప్పుడు కర్రలు రెండూ ఒక చేతిలో పట్టుకుని, భుజం మీదుగా వెనక్కి చూస్తూ, కుర్చీ మోకాళ్ల వెనక తగలగానే కూర్చోవాలి. వెంటనే అడ్డ కడ్డీ దించాలి. దిగేటప్పుడు స్కీల కొసలు పైకెత్తి, చదును తగలగానే లేచి నిలబడి, ఆగకుండా పక్కకు జరిగిపోవాలి. దిగిన చోట ఆగి స్నేహితుల కోసం చూడటమే గుద్దుకోవడానికి మూలం. మొదటిసారి అని చెప్తే నడిపేవారు వేగం తగ్గిస్తారు, అడగడానికి సంకోచించవద్దు.

ఎముకలవైద్యం:
పై ఎత్తుల గురించి ఎవరూ అనలేదు కాబట్టి క్లుప్తంగా. 3,000 మీటర్ల ఎత్తులో గాలిలో అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే 70 శాతం ఉంటుంది. విడిది అంత ఎత్తులో అయితే మొదటిరోజు తేలికగా గడపండి. తలనొప్పి, వికారం తగ్గకపోతే కిందికి దిగాలి. ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి, తాజా మంచు వాటిని 80 శాతం దాకా తిప్పి కొడుతుంది. మబ్బు పట్టినా గాగుల్స్ తీయవద్దు. కళ్లు కాలిన సంగతి కొన్ని గంటల తర్వాతగానీ తెలియదు. −10 డిగ్రీలున్నప్పుడు గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి దాదాపు −20లా తగులుతుంది. చర్మానికి ఆనే పొర నూలుది కాకూడదు, చెమటకు తడిసి ఆరదు.

శిశిరయాత్రి:
నిన్న రాత్రి ఏడుగురం ఫోనులో కూర్చుని ఈ చర్చంతా చదువుకున్నాం. తేలింది ఇది. నలుగురం మొదటి మూడు ఉదయాలూ ఒకే తరగతిలో. స్కీయింగ్ వచ్చిన ఇద్దరూ ఆ వేళకు పై ట్రాకుల మీద, తాడు లోపల. ఒక రోజు గైడును తీసుకుంటారు. ఒంటిగంటకు గోండోలా పక్కనున్న విడిదిలో అందరం. ఏడో ఆమె తన నడక బాటలు తనే ఎంచుకుంది, ఒక మధ్యాహ్నం మమ్మల్ని స్కీలు విప్పించి తనతో నడిపిస్తానంది. సాయంత్రం అలసిపోయాక "చివరిగా ఒక్కసారి" అన్న మాట ఎవరూ అనకూడదని కూడా రాసుకున్నాం. మిగిలిన సందేహం ఒకటి: మేం నలుగురం సాధన చేస్తుండగా ఎవరికైనా దెబ్బ తగిలితే మిగతావాళ్లు ఏం చేయాలి?

గస్తీమనిషి:
అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1967లో చేసిన ప్రవర్తనా నియమాలు పది ఉన్నాయి, అందరూ ఒకసారి చదవండి. వెనక నుంచి వచ్చేవారే ముందున్నవారిని తప్పించాలి, ఇరుకు చోట్ల, మలుపు చాటున ఆగకూడదు, ప్రమాదం జరిగితే సాయపడటం ప్రతి ఒక్కరి బాధ్యత అన్నవి వాటిలో ఉన్నాయి.

దెబ్బ తగిలితే ముందుగా ఒకరు కొంచెం పైకి వెళ్లి, రెండు స్కీలను గుణకారం గుర్తులా అడ్డంగా మంచులో గుచ్చాలి. పైనుంచి వచ్చేవాళ్లకు అదే హెచ్చరిక. పడినవారిని లాగవద్దు, లేపవద్దు. బూటు, హెల్మెట్ తీయవద్దు. విరిగిన కాలికి గట్టి బూటే కట్టులా పనిచేస్తుంది. మీ జాకెట్టు ఒకటి కప్పి, ఒకరు పక్కనే కూర్చుని మాట్లాడుతూ ఉండండి. ఇంకొకరు మాకు ఫోను చేయాలి. చాలాచోట్ల ట్రాకు పక్కనున్న కర్రల మీద ట్రాకు పేరు, అంకె ఉంటాయి. దగ్గరలో ఉన్న కర్ర మీది అంకె చెప్తే చాలు, నేరుగా అక్కడికి వస్తాం. అంకె కనిపించకపోతే దాటి వచ్చిన లిఫ్టు పేరు చెప్పండి. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, అందుకని ఫోను లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. గస్తీ నంబరు రిసార్టు మ్యాపు మీద ఉంటుంది. మొదటిరోజు స్కీలు కట్టుకోకముందే ఏడుగురి ఫోన్లలోనూ ఎక్కించుకోండి, నడిచే ఆమె ఫోనులో కూడా.